మగ్గాన్ని అచ్చుతో కొలవకండి

పోయిన నెల ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదివే కుర్రాడొకడు వచ్చి ప్రాజెక్టు మార్చుకుంటానన్నాడు. నాలుగు నెలలుగా ఎఫ్‌పీజీఏ అనే మార్చుకునే చిప్పు మీద పనిచేస్తున్నాడు, సగానికి పైగా అయిపోయింది. ఎందుకు మానేస్తున్నావని అడిగితే, "ఇంటర్వ్యూల్లో లెక్కలోకి రాదంట సార్. అది ల్యాబ్ బోర్డేనంట. అసలు చిప్పంటే ఏసిక్కేనంట" అన్నాడు. ఎవరన్నారని అడగలేదు. ఆ మాట నేను పదిహేనేళ్ళుగా వింటూనే ఉన్నాను. వీఎల్‌ఎస్‌ఐ, అంటే చిప్పుల డిజైన్, నేర్పే కోచింగు సెంటర్లలో విన్నాను, సెమినార్లలో విన్నాను, పాఠం చెప్పే మాస్టార్ల నోటా విన్నాను. ఈమధ్య దానికి ఇంకో తోక తగిలింది. ఇది ఏఐ కాలం, జీపీయూల కాలం, మార్చుకునే చిప్పుల పని అయిపోయిందట.

ఈ మాట తప్పు. అక్కడక్కడా సరిదిద్దితే సరిపోయే తప్పు కూడా కాదు. చిప్పును దేనితో కొలవాలన్న దగ్గరే అది దారి తప్పింది.

పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్ళకు చెక్క అచ్చు సంగతి తెలుసు. టేకు చెక్క మీద పువ్వునో లతనో ఒకసారి చెక్కాక, ఆ అచ్చు వేలసార్లు అదే పువ్వు వేస్తుంది. చెయ్యి ఎత్తి దింపేంతలో పని అయిపోతుంది. కానీ పువ్వుకు ఇంకో రేకు కావాలంటే కొత్త అచ్చు చెక్కాల్సిందే. ధర్మవరం మగ్గం దారి వేరు. పైన జకార్డు పెట్టె, దానికి చిల్లులు పొడిచిన అట్టల దండ. అట్టలు మారిస్తే అంచు మారుతుంది, మగ్గం అదే ఉంటుంది. ఒకే పని కోసం శాశ్వతంగా చెక్కిన చిప్పు ఏసిక్, అది అచ్చు లాంటిది. ఎఫ్‌పీజీఏ మగ్గం లాంటిది.

మగ్గం లోపల ఏముందో చూద్దాం. ఎఫ్‌పీజీఏ నిండా చిన్న చిన్న పట్టికలుంటాయి, లట్‌లంటారు. నాలుగు తీగలు లోపలికి వచ్చే లట్‌లో 16 గళ్ళు. ఒక్కో గడిలో సున్నానో ఒకటో రాసి ఉంటుంది. ఆ 16 గళ్ళను నింపడానికి 65,536 తీరులున్నాయి. అంటే నాలుగు తీగల మీద సాధ్యమైన ప్రతి తర్కమూ ఆ చిన్న పట్టికలో ఇమిడిపోతుంది. లక్షల పట్టికల మధ్య తీగల వల, ఆ తీగలు కలిసే చోటల్లా స్విచ్చులు. ఏ గడిలో ఏముండాలో, ఏ స్విచ్చు తెరవాలో చెప్పే ఫైలే బిట్‌స్ట్రీమ్. అదే మన అట్టల దండ. కొంత భాగం స్థిరంగా, కొంత భాగం మారేలా ఉండే కంప్యూటరు కావాలని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జెరాల్డ్ ఎస్ట్రిన్ 1960లోనే రాశాడు. దాన్ని అమ్మగలిగే వస్తువుగా చేసింది జైలింక్స్ కంపెనీ స్థాపకుల్లో ఒకడైన రాస్ ఫ్రీమన్. 1985లో వచ్చిన ఎక్స్‌సీ2064లో ఉన్నవి 64 బ్లాకులే. ట్రాన్సిస్టర్లను పొదుపుగా వాడడమే ఇంజినీరు తెలివి అనుకునే ఆ రోజుల్లో, ముందు ముందు ట్రాన్సిస్టర్లు చవకైపోతాయి, మార్చుకునే వీలు కోసం వాటిని ధారాళంగా ఖర్చు పెట్టొచ్చు అని ఆయన పందెం కాశాడు. 1989లో చిన్న వయసులోనే పోయాడు. పందెం మాత్రం నెగ్గింది.

ఇప్పుడు అవతలివాళ్ళ బలమైన వాదన దగ్గరికే వస్తాను. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాన్ క్యువాన్, జోనథన్ రోజ్ ఒకే సర్క్యూట్లను రెండు రకాలుగానూ చేసి కొలిచారు. 2007లో అచ్చయిన వాళ్ళ లెక్క ప్రకారం, కేవలం లట్‌లతో కట్టిన సర్క్యూట్ ఎఫ్‌పీజీఏలో సగటున 35 రెట్లు ఎక్కువ స్థలం తీసుకుంటుంది, 3.4 నుంచి 4.6 రెట్లు నెమ్మదిగా నడుస్తుంది, 14 రెట్లు ఎక్కువ డైనమిక్ విద్యుత్తు వాడుతుంది. ఏ సెమినార్లో చూసినా ఈ మూడు అంకెలూ తెర మీదికొస్తాయి. వాటిని నేను కాదనను. నిజాయితీగా కొలిచినవే. గుణకారాలకూ మెమొరీకీ విడిగా గట్టి బ్లాకులు పెడితే స్థలం తేడా 18 రెట్లకు తగ్గుతుందని అదే వ్యాసంలో ఉంది. ఆ ముక్క మాత్రం తెర మీద నాకెప్పుడూ కనబడలేదు.

నా గొడవ అంకెలతో కాదు, వాటిని వాడే తీరుతో. ఆ కొలతకు ముందే ఒక ఊహ ఉంది: కట్టాల్సిన సర్క్యూట్ ఏదో మనకు ఇప్పటికే తెలుసు, అది ఇక మారదు. పువ్వు ఖరారైపోయాక అచ్చునూ మగ్గాన్నీ పక్కపక్కన పెట్టి ఏది త్వరగా వేస్తుందని అడిగితే అచ్చే గెలుస్తుంది. బిట్‌కాయిన్ తవ్వకంలో జరిగింది అదే. దాని హాష్ లెక్క మారదు. అందుకే ఎఫ్‌పీజీఏలు కొన్నాళ్ళు రాజ్యమేలి, 2013లో ఏసిక్‌లు దిగగానే తెరమరుగయ్యాయి. అది న్యాయమైన ఓటమి, ఒప్పుకుంటాను. అయితే ప్రపంచంలోని లెక్కలన్నీ బిట్‌కాయిన్ లాంటివేనా?

1994లో పెంటియం భాగహారంలో తప్పు బయటపడింది. ఇంటెల్ ఇచ్చిన వివరణ ప్రకారం, భాగించే యూనిట్‌లో ఉన్న పట్టికలో 1,066 విలువలుండాల్సిన చోట 5 రాలేదు. ఒక పట్టిక, అయిదు ఖాళీ గళ్ళు. ఆ పట్టిక సిలికాన్‌లో శాశ్వతంగా గడ్డకట్టి ఉంది కాబట్టి చిప్పులు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, కంపెనీ లెక్కల్లో 47.5 కోట్ల డాలర్లు కొట్టుకుపోయాయి. లట్ కూడా పట్టికే. ఆ అయిదు గళ్ళు లట్‌లో ఉండి ఉంటే దిద్దుబాటు ఒక ఫైలు పంపడంతో అయిపోయేది. ప్రాసెసర్ మొత్తాన్ని లట్‌లతో కట్టమని నేననడం లేదు. 35 రెట్లు అన్న లెక్కలో ఈ 47.5 కోట్లు ఏ వరసలో వస్తాయో చెప్పమంటున్నాను.

ఇంకా దగ్గరి ఉదాహరణ రహస్య లిపుల రంగంలో ఉంది. క్వాంటమ్ కంప్యూటర్లు వచ్చినా చెక్కుచెదరని ఎన్‌క్రిప్షన్ కోసం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఏళ్ళ తరబడి పోటీ నడిపింది. 2022 జులై మొదటి వారంలో సైక్ అనే పద్ధతిని నాలుగో విడత పరిశీలనకు పంపింది. ఆ నెల తిరక్కముందే బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం నుంచి కాస్ట్రిక్, డెక్రూ అనే ఇద్దరు ఒక వ్యాసం పెట్టారు. ఒక మామూలు కంప్యూటర్, అందులో ఒకే ఒక్క కోరు, సుమారు గంట సమయం. సైక్ తాళం ఊడి వచ్చింది. పదేళ్ళకు పైగా పరిశోధకులు నమ్మిన గణితం ఒక్క నెలలో కూలింది. సైక్‌ను ఏసిక్‌గా పోత పోయించినవాడికి ఆ నెలతో మిగిలేది ఇసుక. ఎఫ్‌పీజీఏలో పెట్టుకున్నవాడికి మిగిలేది మర్నాటి పని. 2024 ఆగస్టులో కొత్త ప్రమాణాలు ఖరారయ్యాయి. వాటికి మాత్రం ఇక ఎదురులేదని గట్టిగా చెప్పగల మనిషి ఎవరైనా ఉన్నారా?

మార్పు అంటే తప్పు దిద్దుకోవడమే కాదు. ఒకే చిప్పు రెండు జన్మలెత్తడం కూడా. 2021 ఫిబ్రవరి 18న అంగారకుడి మీద జెజెరో బిలంలో పెర్సెవరెన్స్ రోవర్ దిగింది. పారాచూట్‌కు వేలాడుతూ కిందికి వస్తున్నప్పుడు నేలను ఫొటోలు తీసి, ముందే దగ్గరున్న పటంతో పోల్చి, తాను ఎక్కడుందో కొన్ని సెకన్లలో తేల్చుకుని, బండరాళ్ళను తప్పించుకుని దిగింది. ఆ బొమ్మల లెక్కను మోసింది వర్టెక్స్-5 కుటుంబానికి చెందిన, రేడియేషన్‌ను తట్టుకునేలా గట్టిపరచిన ఎఫ్‌పీజీఏ. దిగడం జీవితంలో ఒకేసారి. మరి ఆ తర్వాత ఆ చిప్పుకు పనేముంది? ఏసిక్ అయితే ఏమీ లేదు, మిగతా యాత్రంతా చచ్చిన బరువుగా మోయాలి. ఇక్కడ అట్టలు మార్చారు. దిగడానికి పనికొచ్చిన ఆ చిప్పే కొత్త బిట్‌స్ట్రీమ్‌తో నేల మీద దారి చూసే పనిలోకి దిగింది. రెండు కెమెరాల బొమ్మలు కలిపి ఎత్తుపల్లాలు లెక్కగడుతుంది, చక్రం ఎంత జారిందో చూసుకుంటుంది. అంతకు ముందరి క్యూరియాసిటీ తనంతట తాను దారి చూసుకుంటూ నడిస్తే గంటకు సుమారు 20 మీటర్లు పోయేది. పెర్సెవరెన్స్ 120 మీటర్ల దాకా పోగలదు, నడుస్తూనే ఆలోచించగలదు కాబట్టి. దీన్ని ల్యాబ్ బోర్డు అనే మనిషి ఆ ల్యాబ్ ఏ గ్రహం మీద ఉందో ఒకసారి చూడాలి.

సరే, అంగారకుడు అరుదైన సంగతి, కోట్ల మంది వాడే చోట ఏసిక్కేగా అంటారు. అయితే సర్వర్ల సంగతే మాట్లాడదాం. మైక్రోసాఫ్ట్‌లో డగ్ బర్గర్, ఆండ్రూ పుట్నమ్ బృందం కాటపల్ట్ పేరుతో 1,632 సర్వర్లకు ఎఫ్‌పీజీఏ కార్డులు తగిలించి, బింగ్ శోధనలో పేజీలకు ర్యాంకు వేసే పనిని వాటికి అప్పగించింది. జవాబు వచ్చే వేగం తగ్గకుండానే ఒక్కో సర్వర్ మోసే పని 95 శాతం పెరిగిందని 2014లో ప్రకటించింది. తరువాత ఆ తరహా కార్డులనే తమ క్లౌడ్ సేవ అజూర్ నెట్‌వర్క్ పనిలోకి దింపారు. 2015 నుంచి పెట్టిన ప్రతి కొత్త అజూర్ సర్వర్‌లోనూ ఎఫ్‌పీజీఏ ఉందని, మొత్తం పది లక్షల సర్వర్లు దాటాయని 2018లో వాళ్ళే రాశారు. ఏసిక్ ఎందుకు చేయించుకోలేదో కూడా ఆ వ్యాసంలో దాచుకోకుండా చెప్పారు. నెట్‌వర్క్ నియమాలు నెలనెలా మారుతున్నాయి, చిప్పు గీసి పోత పోయించి చేతికొచ్చేసరికి ఏడాదో రెండేళ్ళో గడిచిపోతాయి, అప్పటికి ఆ నియమాలుండవు. పది లక్షల సర్వర్లున్న కంపెనీకి డబ్బు కొరతా? అచ్చు చెక్కించే స్తోమత లేకనా మగ్గం పెట్టుకుంది?

ఇక్కడ నా మిత్రుడొకడు ఎప్పుడూ అడ్డం పడతాడు. మైక్రోసాఫ్టే 2024లో సర్వర్ల డేటా పనుల కోసం డీపీయూ అనే సొంత చిప్పు ప్రకటించింది కదా, చివరికి ఏసిక్ దారికే వచ్చింది కదా అని. వచ్చింది. దాదాపు పదేళ్ళు నడిపి చూశాక, ఏ భాగం మారదో, ఏ భాగం మారుతూనే ఉంటుందో తేలాక వచ్చింది. ఆ తెలివిడి ఎక్కడిది? పదేళ్ళు అట్టలు మార్చుకుంటూ పోవడం వల్ల వచ్చింది. ముందు రోజే అచ్చు చెక్కించి ఉంటే తప్పు పువ్వును పది లక్షల సార్లు వేసి ఉండేవాళ్ళు.

ఇక జీపీయూ వాదన. ఇది వింటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే జీపీయూ చరిత్రే ఈ వాదనను కొట్టేస్తుంది. మొదట్లో జీపీయూ అచ్చు లాంటిదే. త్రికోణాలు గీయడం, రంగులు పూయడం, అంతే. 2001లో జీఫోర్స్-3తో అందులోకి ప్రోగ్రామ్ రాసుకునే షేడర్లు వచ్చాయి. 2007లో ‘కుడా’ (CUDA) అనే ప్రోగ్రామింగ్ పద్ధతి బయటికొచ్చి ఏ లెక్కయినా జీపీయూ మీద రాసుకోవచ్చంది. ఆటల కోసం పుట్టిన చిప్పు 2012లో బొమ్మలు గుర్తుపట్టే అలెక్స్‌నెట్‌కు పాఠం నేర్పగలిగింది, 2017లో ట్రాన్స్‌ఫార్మర్ అనే కొత్త ఏఐ నమూనా వస్తే దాన్నీ మోయగలిగింది. ఆ మధ్యలో బొమ్మలు గుర్తుపట్టే నెట్‌వర్క్‌ల కోసమే ప్రత్యేకంగా చిప్పు గీసుకున్నవాళ్ళకు ట్రాన్స్‌ఫార్మర్ వచ్చి కాళ్ళ కింద నేల లాగేసింది. జీపీయూ గెలిచింది మారగలిగింది కాబట్టే. ఆ గెలుపును చూపించి మారే చిప్పులు ఓడిపోయాయనడం ఎలా కుదురుతుంది?

పైగా ఎఫ్‌పీజీఏకూ జీపీయూకూ మధ్య ఉన్న చోటే ఇప్పుడు పరిశోధనకు సారవంతమైన నేల. బిట్టు స్థాయిలో మార్చే స్వేచ్ఛ అన్నిచోట్లా అక్కర్లేదు, గుణకారాలూ కూడికలూ చేసే పెద్ద బ్లాకుల మధ్య దారులు మార్చుకుంటే చాలు అన్నది ముతక నేత పద్ధతి. స్టాన్‌ఫోర్డ్‌లో రఘు ప్రభాకర్, కున్లే ఒలుకోటన్ బృందం 2017లో ప్రచురించిన ప్లాస్టిసీన్ ఆ వరసలోదే. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎస్.కె. నందీ బృందం రీడిఫైన్ పేరుతో ఈ దారిలో చాలా ముందునుంచే నడుస్తోంది. తీగల మీద పెట్టే ఖర్చు తగ్గితే ఆ 35 అన్న అంకె పునాదే కదులుతుంది.

ఇంటెల్ 2015లో ఎఫ్‌పీజీఏలు చేసే ఆల్టెరా కంపెనీని 1,670 కోట్ల డాలర్లకు కొని, 2025లో దాని మొత్తం విలువ 875 కోట్లుగా లెక్కగట్టి 51 శాతం వాటా అమ్ముకుంది. మారే చిప్పుల పని అయిపోయిందనడానికి దీన్ని కూడా రుజువుగా చూపిస్తారు. 2022లో ఏఎమ్‌డీ సుమారు 4,900 కోట్ల డాలర్ల షేర్లిచ్చి జైలింక్స్‌ను కలుపుకున్న సంగతి మరి ఎటు పోయింది? నేను దాన్ని రుజువుగా చూపించను. కంపెనీల బేరాలు చిప్పు గుణాన్ని కొలవవు.

అవతలివాళ్ళు అనాల్సిన మాట ఒకటుంది, దాన్నే వాళ్ళు సరిగ్గా అనరు. మార్చుకునే చిప్పుతో పనిచేయడం కష్టం. నిజం. సాఫ్ట్‌వేర్ రాసేవాడు బటన్ నొక్కి క్షణాల్లో ఫలితం చూస్తాడు. మేం వెరిలాగ్ అనే హార్డ్‌వేర్ భాషలో రాసి, దాన్ని సర్క్యూట్‌గా మార్చే సింథసిస్ పెట్టి, చిప్పులో చోటూ తీగల దారులూ తేల్చే ప్లేస్ అండ్ రూట్‌కు వదిలి, గంటల తరబడి కూర్చుంటాం. నా ఉద్యోగం తొలి రోజుల్లో సాయంత్రం రన్ పెట్టి ఇంటికి పోయి, పొద్దున్నే వచ్చి చూస్తే టైమింగ్ తప్పిందని, అంటే సంకేతం గడువులోగా చేరలేదని, ఎర్ర అక్షరాలు కనబడిన రోజులు లెక్కలేనన్ని. ఏ తీగ ఎందుకు అంత దూరం తిరిగిందో ఆ టూలు చెప్పేది కాదు. బిట్‌స్ట్రీమ్‌లో ఏ బిట్టు ఏం చేస్తుందో కంపెనీలు బయటపెట్టేవి కావు. ఇది లోపమే, పెద్ద లోపమే. కానీ చిప్పు లోపమా, పనిముట్ల లోపమా?

దీనికి 2021లో కాలిఫోర్నియా నుంచి ఒక జవాబు వచ్చింది. జేసన్ కాంగ్ బృందం చేసిన ఆటోబ్రిడ్జ్, సీ భాషలో రాసిన డిజైన్‌ను హార్డ్‌వేర్‌గా మార్చేటప్పుడే ఏ ముక్క చిప్పులో ఏ మూలకు పోతుందో ముందుచూపుతో నిర్ణయించి, దూరం పోయే తీగల మధ్య రిజిస్టర్లు పెట్టింది. 43 డిజైన్ల మీద చూస్తే సగటు వేగం 147 మెగాహెర్ట్జ్ నుంచి 297కు పెరిగింది. చిప్పు అదే, డిజైన్ అదే, వేగం రెట్టింపు. మనం ఏళ్ళ తరబడి ఎఫ్‌పీజీఏ నెమ్మది అని తిట్టింది నిజానికి ఎవర్ని? అంతకు ముందే 2015లో ఐస్‌స్టార్మ్ ప్రాజెక్టు లాటిస్ ఐస్40 చిప్పుల బిట్‌స్ట్రీమ్‌ను ఒక్కో బిట్టు చొప్పున విప్పి లోకానికి ఇచ్చింది. యోసిస్, నెక్స్ట్‌పీఎన్‌ఆర్ టూళ్ళతో ఇప్పుడు ఎవరైనా మొదటి లైను నుంచి చివరి బిట్టు దాకా తెరిచిన పనిముట్లతోనే పనిచేసుకోవచ్చు. లైసెన్సు కోసం ఎవరినీ అడగక్కర్లేదు. మన కాలేజీల్లో ఎన్ని ల్యాబులు ఈ టూళ్ళను వాడుతున్నాయి? నేను చూసినంత మేర చాలా తక్కువ. ఇది నాకు కోపం తెప్పించే విషయం.

మారే చిప్పు అంటే దొంగలకు తలుపు తెరిచినట్టే కదా అనేవాళ్ళూ ఉన్నారు. 2020లో స్టార్‌బ్లీడ్ బయటపడినప్పుడు ఈ మాట జోరందుకుంది. జైలింక్స్ 7 సిరీస్ చిప్పుల్లో గుప్తంగా ఉండాల్సిన బిట్‌స్ట్రీమ్‌ను విప్పేయవచ్చని బోకుమ్ పరిశోధకులు చూపించారు. ప్రమాదకరమైన లోపమే. కానీ ఎందుకు సరిచేయలేకపోయారో చూడండి. బిట్‌స్ట్రీమ్ తాళం తీసే ఇంజిన్ ఆ చిప్పుల్లో సిలికాన్‌గా గడ్డకట్టి ఉంది. మార్చలేని ఆ ఒక్క ముక్కలోనే తప్పు ఉంది. మిగతా చిప్పంతా మార్చుకోగలిగిందే.

మన దగ్గరి లెక్క చూస్తే ఈ అపోహ ఖరీదు ఇంకా పెరుగుతుంది. 2021 డిసెంబరులో కేంద్రం సెమీకండక్టర్ల కోసం 76,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించినప్పటి నుంచి మన చర్చంతా ఫ్యాబ్, అంటే చిప్పులు పోత పోసే ఫ్యాక్టరీ, చుట్టూ తిరుగుతోంది. ఫ్యాబ్ కావాలి, కాదనను. కానీ అయిదువందల అల్ట్రాసౌండ్ యంత్రాలో, రెండువందల రాడార్ రిసీవర్లో చేయాలనుకునే చిన్న కంపెనీకి కొత్త తరం చిప్పు మాస్కుల ఖర్చు ఈ జన్మలో తీరదు. దానికి దారి ఎఫ్‌పీజీఏ. పుణె దగ్గర ఖొడద్‌లో 30 యాంటెన్నాల జీఎమ్‌ఆర్‌టీ రేడియో టెలిస్కోపును ఆధునికీకరించినప్పుడు వచ్చే సంకేతాలను ముందు అందుకోవడానికి ఎఫ్‌పీజీఏ బోర్డులనే పెట్టారు. జెనీవాలో సెర్న్ యంత్రం సెకనుకు నాలుగు కోట్ల సార్లు ప్రోటాన్ గుంపులను ఎదురెదురుగా తెస్తే, వాటిలో ఏది దాచాలో కొన్ని మైక్రోసెకన్లలో తేల్చే మొదటి వడపోతలోనూ ఇవే ఉన్నాయి. ఈ చిప్పులు గీసే, వాటికి టూళ్ళు రాసే పెద్ద కేంద్రాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఒకప్పటి జైలింక్స్, ఇప్పటి ఏఎమ్‌డీ ఆఫీసులో ఆ పని చేస్తున్న తెలుగు పిల్లలు ఎందరో. అదే ఊళ్ళో, బస్సులో అరగంట దూరంలో, మన పిల్లలకు ఇది లెక్కలోకి రాని చదువని చెబుతున్నాం.

ఆ కుర్రాడి ప్రాజెక్టేమిటో చెప్పలేదు కదూ. నిస్ట్ ఖరారు చేసిన కొత్త ఎన్‌క్రిప్షన్ ప్రమాణాల్లో ఒకటైన ఎమ్‌ఎల్-కెమ్‌కు కావాల్సిన బహుపదుల గుణకారం చేసే సర్క్యూట్. 256 పదాలు, 3329 మీద శేషాల లెక్క. రేపు ఆ ప్రమాణం మారితే ఈ శ్రమంతా వృథా కాదా అని అడిగాడు. మారితే ఏం చేస్తావో రాసి తీసుకురా అన్నాను. మూడు రోజుల తర్వాత నాలుగు పేజీలు పట్టుకొచ్చాడు. శేషం తీసే భాగాన్ని విడగొట్టి, ఆ 3329ని బయటినుంచి మార్చుకునే పారామీటరుగా చేశాడు. ప్రాజెక్టు మార్చుకునే మాట మళ్ళీ ఎత్తలేదు. రూటింగ్ అయింది గానీ టైమింగ్ ఇంకా 0.4 నానోసెకన్లు తేడా కొడుతోంది. ల్యాప్‌టాప్ నా బల్ల మీద పెట్టాడు, ఇద్దరం ఆ పొడవాటి తీగ ఎక్కడ మొదలైందో వెతకడం మొదలుపెట్టాం.